నడుస్తున్న ప్రోగ్రాంను ఆపకుండా దాని లోపలి ఫంక్షన్లను గమనించడం ఎలా? పెర్ఫ్ ప్రోబ్ గురించి సందేహం

అరండల్‌పేట:

గుంటూరులో మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీకి నేను సాఫ్ట్‌వేర్ పనులు చూస్తుంటాను. కాటా మీద టిక్కీ (మిర్చి బస్తా) పెట్టగానే దాని బరువు చదివి, లాటు నంబరుతో కలిపి, పక్క గదిలోని మరో యంత్రంలో ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో నమోదు చేసే చిన్న సి ప్రోగ్రాం ఒకటి అక్కడ డెబియన్ 12 మీద నెలల తరబడి ఆగకుండా నడుస్తోంది.

లారీలు బారులు తీరి ఉన్నంతసేపూ అంతా సాఫీగా సాగుతుంది. కాటా కాసేపు ఖాళీగా ఉండి మళ్లీ పని మొదలైనప్పుడు మాత్రం మొదటి టిక్కీ దగ్గర తెర ఐదు సెకన్ల పాటు బిగుసుకుపోయి, ఆ తర్వాత మామూలుగా నడుస్తుంది. ఆ ఐదు సెకన్లలో, బరువు పడలేదనుకుని హమాలీలు టిక్కీని దించి మళ్లీ పెడుతున్నందువల్ల ఒకే టిక్కీ రెండుసార్లు నమోదవుతోంది. సాయంత్రం లెక్క చూసేటప్పుడు రైతుకూ గుమాస్తాకూ మధ్య మాటామాటా పెరుగుతోంది.

ప్రోగ్రాంలో లాగ్‌లు దాదాపు లేవు. సోర్సు ఉంది గానీ, నడుస్తున్న బైనరీ సరిగ్గా ఆ సోర్సు నుంచే తయారైందన్న భరోసా లేదు. పైగా దానిని స్ట్రిప్ చేశారు, అంటే లోపలి ఫంక్షన్ల పేర్లనూ డీబగ్ సమాచారాన్నీ తీసేశారు. తూకం మధ్యలో ఉన్న లాట్ల మొత్తాలు ప్రోగ్రాం మెమరీలోనే ఉంటాయి కాబట్టి సీజన్ ముగిసేదాకా దానిని ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. సిస్టం కాల్స్‌ను (ప్రోగ్రాం కెర్నెల్‌ను అడిగే పనులను) చూపించే ఎస్‌ట్రేస్ తగిలించి చూస్తే కాటా నుంచి బరువు చదవడమే మందగించింది, వెంటనే తీసేశాను. జీడీబీ అనే డీబగ్గర్ అయితే ప్రోగ్రాంను నిలబెట్టేస్తుంది కనుక దాని జోలికి పోలేదు.

లినక్స్‌లో పెర్ఫ్ ప్రోబ్ అనే ఆదేశంతో నడుస్తున్న ప్రోగ్రాంకే అప్పటికప్పుడు ట్రేస్‌పాయింట్లు (ప్రోగ్రాం ఆ చోటికి వచ్చినప్పుడల్లా నమోదు చేసే గుర్తులు) చేర్చవచ్చని చదివాను. స్ట్రిప్ చేసిన బైనరీ విషయంలో అది పనిచేస్తుందా, దానివల్ల ప్రోగ్రాం కూలిపోయే ప్రమాదం ఉందా, ఉన్న వందలాది ఫంక్షన్లలో దేని మీద పెట్టాలి అన్నవి నా సందేహాలు.

పటమట:

మీ అవసరానికి పెర్ఫ్ ప్రోబ్ సరిపోతుందండీ. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను కాబట్టి ఆదేశాలను పలికే తీరులోనే ఇస్తున్నాను. టెర్మినల్ దగ్గర వాటిని మామూలుగా టైపు చేసుకోగలరు.

అది లోపల ఏం చేస్తుందో ముందు చెబుతాను, ఎందుకంటే ప్రమాదం గురించిన మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మీరు చెప్పిన ఫంక్షన్ మొదట్లో ఉన్న యంత్ర ఆదేశం తాలూకు మొదటి బైటును కెర్నెల్ తీసి పక్కన దాచి, ఆ చోట ఒక బ్రేక్‌పాయింట్ బైటు పెడుతుంది. ఎక్స్86 యంత్రాలలో దాని విలువ 0ఎక్స్‌సీసీ. ప్రోగ్రాం అక్కడికి రాగానే నియంత్రణ కెర్నెల్‌కు వెళ్తుంది, కెర్నెల్ సమయాన్నీ మీరు అడిగిన విలువలనూ ఒక బఫర్‌లో రాసుకుంటుంది, దాచిన అసలు ఆదేశాన్ని వేరే చోట నడిపించి ప్రోగ్రాంను దాని దారిన పంపిస్తుంది. ఈ మార్పు మెమరీలో ఆ ప్రాసెస్‌కు చెందిన పేజీ ప్రతిలోనే జరుగుతుంది, డిస్కు మీది ఫైలు చెక్కుచెదరదు. ఎస్‌ట్రేస్ ప్రతి సిస్టం కాల్ దగ్గరా ప్రోగ్రాంను రెండుసార్లు నిలబెట్టి మరో ప్రాసెస్‌కు కబురు పంపుతుంది. మీరు ఒక్క కాల్‌నే చూపించమని అడిగినా, నడుస్తున్న ప్రాసెస్‌కు తగిలించినప్పుడు అన్ని కాల్స్ దగ్గరా నిలబెట్టి, చూపించేటప్పుడు మాత్రమే వడపోస్తుంది. ప్రోబ్‌కు ఆ బాధ లేదు, ఎవరూ దానిని పిలవనంతసేపు ఖర్చూ లేదు.

ఇది కొత్తగా వచ్చిన ప్రయోగమేమీ కాదు. కెర్నెల్ ఫంక్షన్లకు ప్రోబ్ పెట్టే కేప్రోబ్స్ 2004లో 2.6.9 తో వచ్చింది, మసామీ హిరమత్సు రాసిన పెర్ఫ్ ప్రోబ్ ఆదేశం 2010లో 2.6.33 తో వచ్చింది, మామూలు ప్రోగ్రాంలకు ఆ సౌకర్యం ఇచ్చే యూప్రోబ్స్ 2012లో 3.5 తో చేరింది.

ఇక స్ట్రిప్ సంగతి. డీబగ్ సమాచారం ఉన్న బైనరీలో అయితే సోర్సు వరుస సంఖ్యను బట్టి ప్రోబ్ పెట్టవచ్చు, లోకల్ వేరియబుళ్ల విలువలను పేరుతో అడగవచ్చు. మీ బైనరీలో అవేవీ దొరకవు, సొంత ఫంక్షన్ల పేర్లు కూడా పోయి ఉంటాయి. అయితే ప్రోగ్రాం బయటి లైబ్రరీల నుంచి పిలిచే ఫంక్షన్ల పేర్లను స్ట్రిప్ తీసేయలేదు, ఎందుకంటే లోడరుకే అవి కావాలి. కాబట్టి మీ ప్రోగ్రాం లోపలికి దూరే ప్రయత్నం మానేసి, అది బయటకు అడుగుపెట్టే గడపల దగ్గర కాపు కాయండి. సి ప్రోగ్రాంల ప్రామాణిక లైబ్రరీ లిబ్‌సీ, పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే లైబ్రరీ లిబ్‌పీక్యూ అనే రెండు గడపలు మీకు చాలు. ఏ లైబ్రరీలో ఏ ఫంక్షన్లకు ప్రోబ్ పెట్టవచ్చో పెర్ఫ్ ప్రోబ్‌కు మైనస్ ఎక్స్‌తో లైబ్రరీ మార్గం ఇచ్చి, మైనస్ పెద్ద ఎఫ్ చేరిస్తే జాబితా వస్తుంది.

దేని మీద పెట్టాలన్నది అసలు ప్రశ్న. మీరు రాసినదానిలో రెండు ఆనవాళ్లు నాకు కనబడ్డాయి. కాటా ఖాళీగా ఉన్న తర్వాతే జరుగుతోందంటే, ఎక్కువసేపు వాడని డేటాబేస్ కనెక్షన్‌ను ఎవరో మూసేస్తున్నారు, మొదటి టిక్కీ దగ్గర ప్రోగ్రాం కొత్త కనెక్షన్ తెరుస్తోంది అనుకోవచ్చు. ఇక ఐదు సెకన్లు అన్నది గ్లిబ్‌సీలో (మీ యంత్రంలోని లిబ్‌సీ అదే) పేరును చిరునామాగా మార్చే రిజాల్వర్, ఒక డీఎన్ఎస్ సర్వరు జవాబివ్వకపోతే మరొకరిని అడిగే ముందు వేచి ఉండే డీఫాల్ట్ గడువు. అందుకని మొదట, అలా పేరు వెతికే లిబ్‌సీ ఫంక్షన్ గెట్‌యాడర్‌ఇన్ఫోను చూడండి.

పెర్ఫ్ ప్రోబ్‌కు మైనస్ ఎక్స్ తర్వాత లిబ్‌సీ ఫైలు మార్గం ఇచ్చి, ఆ తర్వాత కోట్‌ల మధ్య 'గెట్‌యాడర్‌ఇన్ఫో నోడ్=+0(%డీఐ):స్ట్రింగ్' అని రాయండి. ఎక్స్86-64లో ఫంక్షన్‌కు ఇచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ డీఐ అనే రిజిస్టర్‌లోనూ (రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు), రెండోది ఎస్ఐలోనూ, మూడోది డీఎక్స్‌లోనూ వస్తాయి. పై మాటకు అర్థం, డీఐలో ఉన్న చిరునామాకు వెళ్లి అక్కడున్నదాన్ని అక్షరాల వరుసగా చదవమని. ఆర్మ్ 64 యంత్రమైతే డీఐకి బదులు ఎక్స్0 రాయాలి. ఫంక్షన్ నుంచి తిరిగి వచ్చే క్షణం కోసం మరో ప్రోబ్ కావాలి: 'గెట్‌యాడర్‌ఇన్ఫో%రిటర్న్ రెట్=$రెట్‌వాల్'. మొదటిదానికి ప్రోబ్_లిబ్‌సీ:గెట్‌యాడర్‌ఇన్ఫో అనీ, రెండోదానికి అదే పేరు చివర రెండు అండర్‌స్కోర్లతో రిటర్న్ అనీ ఈవెంట్ పేర్లు వస్తాయి. పేర్లు చేర్చినంత మాత్రాన బ్రేక్‌పాయింట్ ఎక్కదు, ఎవరైనా ఆ ఈవెంట్‌ను వాడటం మొదలుపెట్టినప్పుడే ఎక్కుతుంది.

నేరుగా రికార్డ్ చేయకండి. పెర్ఫ్ స్టాట్‌తో ఆ ఈవెంట్లను మైనస్ పీ తర్వాత మీ ప్రాసెస్ నంబరు ఇచ్చి పది సెకన్లు లెక్కించండి. సెకనుకు ఎన్నిసార్లు తగులుతుందో తెలిశాక పెర్ఫ్ రికార్డ్ నడపండి. ఆ తర్వాత పెర్ఫ్ స్క్రిప్ట్ అంటే థ్రెడ్ నంబరు, సమయం, పేరు, విలువ వరుసగా కనిపిస్తాయి. ఒకే థ్రెడ్ నంబరుతో వచ్చిన వెళ్లడాన్నీ తిరిగి రావడాన్నీ జతపరిచి సమయాలను తీసివేస్తే ఎంతసేపు పట్టిందో తేలుతుంది.

బ్రాడీపేట:

పటమట గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే కొన్ని జాగ్రత్తలు చేర్చాలనిపించింది.

యూప్రోబ్ ఒక్కసారి తగిలితే అయ్యే ఖర్చు మైక్రోసెకను స్థాయిలో ఉంటుంది. గంటకు కొన్నిసార్లు పిలిచే గెట్‌యాడర్‌ఇన్ఫోకు అది లెక్కలోకి రాదు గానీ, మెమరీ కేటాయించే మాలాక్ లాంటి, సెకనుకు లక్షలసార్లు పిలిచే ఫంక్షన్ మీద పెడితే ప్రోగ్రాం కుంటుతుంది. చాలామంది నేర్చుకునేటప్పుడు మాలాక్‌తోనే మొదలుపెడతారు, ఎందుకో నాకు అర్థం కాదు. సొంత ల్యాప్‌టాప్‌లో ఆ సరదా తీర్చుకోవచ్చు, తూకం నడుస్తున్న యంత్రంలో వద్దు. మైనస్ పీ ఇవ్వడం మరవకండి. అది ఉంటే బ్రేక్‌పాయింట్ మీ ప్రాసెస్‌లో మాత్రమే ఎక్కుతుంది. యంత్రం మొత్తం అని అడిగితే లిబ్‌సీని వాడే ప్రతి ప్రాసెస్‌లోనూ ఎక్కుతుంది.

రెండో సంగతి మీరు స్ట్రింగ్‌లను చదువుతున్నారన్నది. లిబ్‌పీక్యూలో కనెక్షన్ తెరిచే పీక్యూకనెక్ట్‌డీబీ మీద ప్రోబ్ పెట్టి దాని ఆర్గ్యుమెంట్‌ను స్ట్రింగ్‌గా అడిగితే, డేటాబేస్ పాస్‌వర్డు కూడా పెర్ఫ్ రికార్డ్ రాసే పెర్ఫ్ డాట్ డేటా ఫైలులో స్పష్టంగా పడుతుంది. క్వెరీ పంపే పీక్యూఎగ్జెక్ మీద పెట్టి రెండో ఆర్గ్యుమెంట్‌ను చదివితే రైతుల పేర్లు, ధరలతో సహా క్వెరీలు పడతాయి. సమయం మాత్రమే కావాలంటే విలువలేవీ అడగకుండా వట్టి ప్రోబ్ పెట్టండి, ఆ ఫైలును ఎవరికీ పంపకండి.

జతపరిచే లెక్క చేత్తో చేయడం విసుగనిపిస్తే బీపీఎఫ్‌ట్రేస్ అనే మరో ట్రేసింగ్ సాధనం ఉంది. వెళ్లినప్పటి సమయాన్ని థ్రెడ్ వారీగా గుర్తుపెట్టుకుని, తేడాల పంపిణీని కెర్నెల్‌లోనే లెక్కకట్టి చూపిస్తుంది. దానిని ఆపగానే అది పెట్టిన ప్రోబ్‌లు వాటంతట అవే పోతాయి. పెర్ఫ్ ప్రోబ్‌తో చేర్చినవి అలా పోవు: మీరు తీసేసేదాకా, లేదా యంత్రం రీబూట్ అయ్యేదాకా జాబితాలో ఉంటాయి. మీ యంత్రంలో బీపీఎఫ్‌ట్రేస్ లేకపోతే దానికోసం సీజన్ మధ్యలో కొత్త ప్యాకేజీల గుట్ట దించవద్దు, డెబియన్‌లో లినక్స్-పెర్ఫ్ అనే ఒక్క ప్యాకేజీతో మీ పని అయిపోతుంది.

అరండల్‌పేట:

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే రెండు ప్రోబ్‌లూ చేర్చాను, ఆదేశం ఏ అభ్యంతరమూ చెప్పలేదు, పెర్ఫ్ ప్రోబ్ మైనస్ ఎల్‌తో చూస్తే జాబితాలోనూ ఉన్నాయి. పెర్ఫ్ స్టాట్‌ను ప్రాసెస్ నంబరుతో భోజన విరామం అంతా నడిపాను. విరామం తర్వాత మొదటి టిక్కీకి తెర యథాప్రకారం బిగుసుకుంది గానీ లెక్క మాత్రం సున్నా. అదే యంత్రంలో మరో టెర్మినల్ నుంచి ఏదైనా వెబ్‌సైటును అడిగి, యంత్రం మొత్తం మీద చూస్తే ప్రోబ్ చక్కగా తగులుతోంది. అంటే మా ప్రోగ్రాం గెట్‌యాడర్‌ఇన్ఫోను పిలవడమే లేదనుకోవాలా?

పటమట:

అప్పుడే ఆ నిర్ణయానికి రావద్దు. ప్రోగ్రాం నెలల తరబడి నడుస్తోందన్నారు కదా; స్లాష్ ప్రాక్ కింద మీ ప్రాసెస్ నంబరు గల డైరెక్టరీలో మ్యాప్స్ అనే ఫైలు తెరిచి, లిబ్‌సీ ఉన్న వరుసల చివర డిలీటెడ్ అని ఉందేమో చూడండి.

ఉంటుందని నా అనుమానం. ప్రోబ్ పేరుకు కట్టుబడదు, ఫైలు తాలూకు ఐనోడ్‌కు (డిస్కు మీద ఆ ఫైలుకున్న అసలు గుర్తింపుకు) కట్టుబడుతుంది. మీ ప్రోగ్రాం మొదలైన తర్వాత భద్రతా అప్‌డేట్‌తో లిబ్‌సీ ప్యాకేజీ మారి ఉంటే, అదే మార్గంలో ఇప్పుడు వేరే ఐనోడ్‌తో కొత్త ఫైలు ఉంటుంది. మీ ప్రోగ్రాం మాత్రం, పేరు చెరిగిపోయినా మెమరీలో బతికే ఉన్న పాత ఫైలునే వాడుతుంటుంది. మీరు పెట్టిన ప్రోబ్ కొత్త ఫైలు మీద ఉంది. కొత్తగా మొదలైన ప్రోగ్రాంలకు తగిలి దీనికి తగలకపోవడానికి కారణం అదే కావచ్చు. కంటైనర్లలో నడిచే ప్రోగ్రాంలకు కూడా ఇదే చిక్కు వస్తుంది: హోస్ట్‌లోని లిబ్‌సీ వేరు, కంటైనర్ లోపలి లిబ్‌సీ వేరు. అక్కడైతే స్లాష్ ప్రాక్ కింద ఆ ప్రాసెస్ తాలూకు రూట్ గుండా వెళ్లే మార్గాన్ని ఇస్తే సరిపోతుంది, చెరిగిపోయిన ఫైలుకు అలాంటి సులువైన దారి లేదు.

అదే మ్యాప్స్ ఫైలులో లిబ్‌పీక్యూ వరుసలు చూడండి. వాటి పక్కన డిలీటెడ్ లేకపోతే పీక్యూకనెక్ట్‌డీబీ మీద వెళ్లడానికొకటి, తిరిగి రావడానికొకటి, విలువలు అడగకుండా పెట్టండి. మీ సోర్సులో కనెక్షన్‌కు పీక్యూసెట్‌డీబీలాగిన్ లాంటి మరో ఫంక్షన్ వాడి ఉంటే దాని మీద పెట్టాలి. బైనరీ ఆ సోర్సుదేనో కాదో తెలియకపోయినా ఈ మాత్రానికి దానిని నమ్మవచ్చు.

దానితో పాటు కెర్నెల్ వైపు నుంచి కూడా చూడండి, అక్కడ ఫైలు మారడం అనే బెడద లేదు. గ్లిబ్‌సీ రిజాల్వర్ జవాబు కోసం ఎదురుచూసేది పోల్ అనే సిస్టం కాల్‌లో, అందులో గడువు మిల్లీసెకన్లలో ఉంటుంది. దీనికి కొత్తగా ప్రోబ్ చేర్చనక్కరలేదు, కెర్నెల్‌లో ముందే ఉన్న సిస్‌కాల్స్:సిస్_ఎంటర్_పోల్ ట్రేస్‌పాయింట్ చాలు. పెర్ఫ్ రికార్డ్‌లో ఆ ఈవెంట్ వెనకే ఫిల్టర్ ఆప్షన్‌తో 'టైమౌట్_ఎంసెక్స్ > 4000 && టైమౌట్_ఎంసెక్స్ < 6000' అని ఇవ్వండి. పెర్ఫ్ స్క్రిప్ట్ దానిని పదహారు ఆధారంగా చూపిస్తుంది కనుక 1388 కనబడితే అది 5000 అని గుర్తించండి. డీఎన్ఎస్ ప్రశ్నను మోసుకెళ్లే యూడీపీ పొట్లం నిజంగా బయటకు వెళ్లిందో లేదో కూడా చూడాలంటే కెర్నెల్‌లోని యూడీపీ_సెండ్‌ఎంఎస్‌జీ మీద 'లెన్=%డీఎక్స్' అని ప్రోబ్ పెట్టవచ్చు. ఆ ఫంక్షన్ మూడో ఆర్గ్యుమెంట్ పొడవు కాబట్టి కెర్నెల్ డీబగ్ ప్యాకేజీ లేకుండానే అది దొరుకుతుంది, ఆ ప్యాకేజీ చాలా పెద్దది కూడాను.

అరండల్‌పేట:

మీ అనుమానం నిజమైంది. లిబ్‌సీ వరుసలన్నింటి పక్కనా డిలీటెడ్ అని ఉంది, లిబ్‌పీక్యూ పక్కన లేదు.

సాయంత్రం లారీల మధ్య విరామంలో పట్టుకున్నాను. పీక్యూకనెక్ట్‌డీబీలోకి వెళ్లిన సమయం 48211.306412, తిరిగి వచ్చిన సమయం 48216.318950, అంటే ఐదు సెకన్ల పన్నెండు మిల్లీసెకన్లు మొత్తం ఆ ఫంక్షన్ లోపలే గడిచాయి. ఆ రెంటి మధ్యలో, అదే థ్రెడ్ నంబరుతో, 1388 గడువు గల పోల్ ఒకటి ఉంది. యూడీపీ పొట్లం కూడా రెండు దఫాలుగా వెళ్లింది, మొదటి దఫాకూ రెండో దఫాకూ మధ్య ఐదు సెకన్లు. ప్రోబ్‌లు నడిచినంతసేపూ కాటాలో ఏ తేడా కనిపించలేదు, అన్నింటికన్నా దానికే నేను ఎక్కువ భయపడ్డాను.

డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలు ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు చూస్తే మొదటి నేమ్‌సర్వరుగా రాసి ఉన్న చిరునామా, ఎప్పుడో తీసేసిన పాత రౌటరుది. రెండోది సరైనదే. కానీ ఈ ఫైలు సరిదిద్దినా నడుస్తున్న ప్రోగ్రాం దానిని మళ్లీ చదవదు కదా? అలాగైతే కారణం తెలిసీ సీజన్ ముగిసేదాకా ఆగాల్సి వస్తుందేమో.

బ్రాడీపేట:

ఆగనక్కరలేదండీ. మీరనే ఇబ్బంది ఒకప్పుడు ఉండేది. 2017లో వచ్చిన గ్లిబ్‌సీ 2.26 నుంచి, రిజాల్వ్ డాట్ కాన్ఫ్ మారితే నడుస్తున్న ప్రాసెస్‌లోనే రిజాల్వర్ దానిని గమనించి మళ్లీ చదువుకుంటుంది. డెబియన్ 12లో ఉన్నది 2.36, మీ ప్రోగ్రాం పట్టుకుని ఉన్న పాత ప్రతి కూడా ఆ 2.36కే చెందినది, అప్‌డేట్‌కు ముందుది, అంతే తేడా. పాత రౌటరు వరుసను తీసేయండి చాలు.

డేటాబేస్ యంత్రం పేరును, దాని చిరునామాను హోస్ట్స్ ఫైలులో కూడా రాసిపెట్టడం ఇంకా మేలు. ఎన్ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్‌లో హోస్ట్స్ వరుసలో డీఎన్ఎస్ కన్నా ముందు ఫైల్స్ ఉంటే, పేరు వెతికిన ప్రతిసారీ ముందు ఆ ఫైలునే చూస్తుంది కాబట్టి డీఎన్ఎస్ వరకు పోయే పనే ఉండదు. పక్క గదిలో ఉన్న యంత్రం చిరునామా కోసం రౌటరును అడగడమేమిటని నాకు మొదటినుంచీ అనిపిస్తూనే ఉంది. ప్రోగ్రాంను ఆపగలిగే రోజు వచ్చినప్పుడు కనెక్షన్ వాక్యంలో హోస్ట్ బదులు హోస్ట్‌యాడర్ అని చిరునామానే ఇస్తే లిబ్‌పీక్యూ పేరు వెతకదు.

మార్చిన తర్వాత పీక్యూకనెక్ట్‌డీబీ ప్రోబ్‌లను మరో పూట ఉంచి, సమయం ఎంతకు దిగిందో చూసి అప్పుడు తీసేయండి. తీసేటప్పుడు పెర్ఫ్ ప్రోబ్‌కు మైనస్ డీ తర్వాత కోట్‌ల మధ్య 'ప్రోబ్_లిబ్‌పీక్యూ:*' ఇవ్వాలి, లిబ్‌సీ గుంపుకూ కెర్నెల్ గుంపుకూ విడిగా అలాగే ఇవ్వాలి. పెర్ఫ్ రికార్డ్ ఇంకా నడుస్తుంటే తీయడానికి ఒప్పుకోక, వనరు వాడకంలో ఉందన్న సందేశం ఇస్తుంది. ముందు దానిని ఆపండి.

అరండల్‌పేట:

రెండు మార్పులూ చేశాను. ఈ ఉదయం నుంచి విరామం తర్వాతి కనెక్షన్లు కూడా కొన్ని మిల్లీసెకన్లలోనే తెరుచుకుంటున్నాయి, ప్రోగ్రాంను ఆపనేలేదు. ఒకే టిక్కీ రెండుసార్లు పడకుండా చూసే మార్పు మాత్రం ప్రోగ్రాంలోనే చేయాలి, దానికి సీజన్ తర్వాత చూస్తాను. ప్రోబ్‌లు సాయంత్రం తీసేస్తాను.

మంగళగిరి:

ఈ చర్చ చదివి ఒక అనుబంధ ప్రశ్న అడుగుతున్నాను. మా విజయవాడ ఆఫీసులో సర్వీసులన్నీ గో భాషలో ఉన్నాయి. వాటి ఫంక్షన్ల మీద కూడా వెళ్లడానికీ తిరిగి రావడానికీ ఇలాగే పెట్టుకోవచ్చా?

పటమట:

వెళ్లేటప్పటి ప్రోబ్ పెట్టుకోవచ్చు, తిరిగి వచ్చేటప్పటిది మాత్రం గో ప్రోగ్రాం మీద పెట్టవద్దు. రిటర్న్ ప్రోబ్ పనిచేసేది స్టాక్ మీద ఉన్న తిరుగు చిరునామాను మార్చి, దాని స్థానంలో కెర్నెల్ సొంత చిరునామాను ఉంచడం ద్వారా. గో రన్‌టైమ్ అవసరాన్నిబట్టి గోరొటీన్ (గో భాషలోని తేలికపాటి థ్రెడ్) స్టాక్‌ను మరో చోటికి మారుస్తుంది, మార్చేటప్పుడు స్టాక్ మీది ప్రతి తిరుగు చిరునామానూ పరిశీలిస్తుంది. తాను ఎరగని చిరునామా అక్కడ కనబడగానే ప్రోగ్రాంను కూల్చేస్తుంది. తిరిగి వచ్చే క్షణమే కావాలంటే ఆ ఫంక్షన్ యంత్ర కోడును ఆబ్జ్‌డంప్‌తో విప్పి చూసి, అందులోని ప్రతి రెట్ ఆదేశం ఉన్న ఆఫ్‌సెట్ మీద మామూలు ప్రోబ్ పెట్టుకోవాలి. అలాగే, గో 1.17 నుంచి ఆర్గ్యుమెంట్లు స్టాక్ మీద కాక రిజిస్టర్లలో వస్తున్నాయి, కానీ ఆ వరుస సి భాషది కాదు. మొదటిది డీఐలో కాక ఏఎక్స్‌లో ఉంటుంది, రెండోది బీఎక్స్‌లో. గో స్ట్రింగ్‌ల చివర సున్నా బైటు ఉండదు కాబట్టి స్ట్రింగ్ అని అడిగితే పక్కనున్న మెమరీ కూడా కలిసి వస్తుంది, పొడవు రిజిస్టర్‌ను విడిగా తీసుకుని అంతవరకే చదువుకోవాలి.